పాత కోళ్లలో కొత్త పిల్లలను కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో నాలుగు పెట్టలూ ఒక పుంజూ తిరిగే ఇంటికి కొత్త పిల్లలు వచ్చిన ప్రతిసారీ ఇవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. ఈ జవాబులు 5 నుంచి 50 దాకా కోళ్లు పెంచుకునే ఇళ్ల కోసం. వేల కోళ్ల ఫారాల సంగతి వేరు. అక్కడ ఒక షెడ్డులో బ్యాచ్ మొత్తం ఖాళీ అయ్యాకే రెండో బ్యాచ్ దించుతారు, వేర్వేరు వయసులను అసలు కలపరు.

## పిల్లలను తెచ్చే ముందు

ఒక్క పిల్లను తెచ్చి పాతవాటిలో వదిలేయొచ్చా?

వద్దు. ఒంటరి పిల్ల మీద పెట్టలన్నీ తిరగబడతాయి. తోడు లేక అది మేత దగ్గరికి రాదు, నాలుగైదు రోజుల్లోనే నీరసించిపోతుంది. కనీసం 3, వీలైతే 5 లేదా 6 ఒకే ఈడువి తేవాలి. గుంపుగా ఉంటే పోట్లు పంచుకుంటాయి, ఒకదాన్ని చూసి ఒకటి ధైర్యంగా మేతకు వస్తాయి.

రోజు పిల్లలు మంచివా, నెల పిల్లలు మంచివా?

ఇంట్లో పొదుగు మీదున్న పెట్ట ఉంటే రోజు పిల్లలు. లేకపోతే నెల పిల్లలే నయం. మదర్ యూనిట్లలో 4 వారాలు పెంచి ఇచ్చే వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాల పిల్లలకు బల్బు వేడి అవసరం చాలావరకు తీరిపోయి ఉంటుంది, మొదటి టీకాలూ పడి ఉంటాయి. వేసిన టీకాలేమిటో, ఏ తేదీన వేశారో కాగితం మీద రాయించుకోండి. రెండు మూడు నెలల పిల్లలను సంతలో కొంటే మాత్రం జబ్బు మోసుకొచ్చే ప్రమాదం ఎక్కువ. అవి అప్పటికే నాలుగు చోట్ల తిరిగి ఉంటాయి.

వీధిలో అమ్మే గులాబీ, ఆకుపచ్చ రంగు పిల్లలను కలపొచ్చా?

అవి ఎక్కువగా గుడ్ల కోళ్ల హేచరీలు వదిలించుకున్న మగపిల్లలు, లేదా బ్రాయిలర్ పిల్లలు. టీకా ఉండదు. రంగునీళ్లలో తడిసి, ఎండలో బుట్టలో తిరిగి అప్పటికే సగం చచ్చి ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్నా సరే, నెల రోజుల దాకా వాటిని పాత కోళ్ల దరిదాపుల్లోకి రానీయకండి.

ఉన్న గూడు సరిపోతుందా?

రాత్రి పడుకోవడానికే వాడే గూడైతే పెద్ద కోడికి 1.5 నుంచి 2 చదరపు అడుగులు ఉండాలి. పడుకునే కర్ర మీద ఒక్కోదానికి 8 అంగుళాలు. పిల్లలు పెద్దయ్యాక ఎంత చోటు కావాలో ఇప్పుడే లెక్కేసుకోండి, ఈ రోజు సైజు చూసి కాదు. కలిపిన తర్వాత వచ్చే గొడవల్లో చాలావరకు చోటు చాలక వచ్చేవే. దాన్ని పెట్టల పొగరు అనుకుంటాం.

ఊళ్లో కొక్కెర తెగులు (రానిఖేత్) ఉందంటున్నారు. అయినా తేవచ్చా?

తెగులు సద్దుమణిగే దాకా ఆగండి. చచ్చిన కోళ్లను చూసి వచ్చిన మనిషి చెప్పులతో కూడా అది ఇంటికి వస్తుంది. సంక్రాంతికి ముందూ తర్వాతా పుంజులు ఊళ్లు మారుతుంటాయి కాబట్టి ఆ వారాల్లో కొనుగోళ్లు మానుకోవడం మంచిది. మీ పెరట్లోనే కోళ్లు చనిపోయి ఉంటే పాత ఊక తగలబెట్టి, గూటికి సున్నం వేసి, నెలకు పైగా ఖాళీగా ఉంచాకే కొత్త పిల్లలు.

## విడిగా ఉంచే రోజులు

పిల్లలు హుషారుగానే ఉన్నాయి. అయినా విడిగా ఉంచాలా?

ఉంచాలి. బయటి నుంచి తెచ్చిన పిల్లలను 3 నుంచి 4 వారాలు వేరే చోట పెట్టండి. కనీసం 30 అడుగుల దూరమైనా ఉంటే మేలు. తెచ్చిన రోజు పైకి ఏమీ కనపడదు. దగ్గు, ముక్కు కారడం, పచ్చటి నీళ్ల రెట్ట లాంటివి వారం పది రోజుల తర్వాత బయటపడతాయి. మేత నీళ్లు ముందు పిల్లలకు, తర్వాత పెద్దవాటికి. ఈ వరస మారకూడదు, ఎందుకంటే పెద్ద కోళ్లు తట్టుకుని మోసే జబ్బు పిల్లలను చంపుతుంది. పాత్రలు, చీపురు వేరుగా ఉండాలి. దొడ్డిలోకి వాడే చెప్పులు పిల్లల గదిలోకి రాకూడదు.

బల్బు ఎన్నాళ్లు పెట్టాలి?

మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పది పిల్లలకు 40 లేదా 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు చాలు. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు, అది పెట్టి పిల్లలు ఎందుకు పోతున్నాయో తెలియక తల పట్టుకునేవాళ్లు చాలామంది. థర్మామీటరు లేకపోతే పిల్లలనే చూడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి. నోరు తెరిచి గోడల వైపు జరిగితే వేడి ఎక్కువ. మే నెలలో మన దగ్గర పగలు బల్బే అక్కర్లేదు, తెల్లవారుజామున మాత్రం చూసుకోవాలి. 5, 6 వారాలకు నూగు పోయి ఈకలు నిండుతాయి. బల్బు ఆపి వారం గడిచాకే పిల్లలను బయటి గూటికి మార్చండి. వేడి పోవడం, చోటు మారడం, పెద్దవాటి భయం మూడూ ఒకేసారి పడితే పిల్ల తట్టుకోలేదు.

కలపడానికి ముందు ఏ టీకాలు పూర్తయి ఉండాలి?

మారెక్స్ టీకా హేచరీలో మొదటి రోజే వేస్తారు. 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా ఒక చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ. 14వ రోజు గంబోరో జబ్బు టీకా. 28వ రోజు మళ్లీ లసోటా. 8, 9 వారాలకు కొక్కెర తెగులుకే ఆర్2బి సూది, రెక్క కింద 0.5 మిల్లీలీటరు. కనీసం రెండో లసోటా పడి వారం పది రోజులు గడవనిదే పెద్దవాటి చెంతకు పంపకండి. టీకా మందును ఐసులో తెచ్చి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. ఇంకొక మాట: ఆర్2బి బలమైన సజీవ టీకా. పెద్ద కోళ్లకు అది వేయించిన వారంలోనే టీకాలు పడని చిన్న పిల్లలను వాటిలో వదిలితే పిల్లలకు జబ్బు చేయవచ్చు. పెద్దవాటి పని రెండు మూడు వారాల ముందే ముగించుకోండి.

పాత కోళ్లకు కూడా ఏమైనా చేయాలా?

కలపడానికి రెండు వారాల ముందు నులిపురుగుల మందు తాపించండి. రెక్కల కింద, ముడ్డి దగ్గర ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి, ఉంటే వాటికీ గూటికీ మందు వేయించండి. గూట్లో పాత ఊక తీసేసి 2, 3 అంగుళాల మందం కొత్త ఊక పరవండి.

## తల్లికోడి ఉంటే

కొని తెచ్చిన పిల్లలను పొదుగు పెట్ట కింద పెడితే ఒప్పుకుంటుందా?

పెట్ట పొదుగు మీద కూర్చుని రెండు వారాలు దాటి ఉండాలి, పిల్లల వయసు 3 రోజులు మించకూడదు. ఈ రెండూ కుదిరితే చాలావరకు ఒప్పుకుంటుంది. నిన్నగాక మొన్న కూర్చున్న పెట్టకు పిల్లలను ఇస్తే పొడిచి చంపొచ్చు.

రాత్రి బాగా చీకటి పడ్డాక వెళ్లండి. టార్చి పెట్ట ముఖాన వేయొద్దు. కింద గుడ్లు ఒక్కొక్కటి తీస్తూ పక్క నుంచి ఒక్కో పిల్లను జరపండి. ముందు రెండు పిల్లలతో ఆగి చెవి పెట్టి వినండి. పెట్ట మెల్లగా కుర్ కుర్ అంటే మిగతావీ పెట్టవచ్చు, గట్టిగా అరిచి ముక్కుతో కొడితే తీసేయండి. నాటుపెట్ట 10, 12 పిల్లలను కప్పగలదు, చలికాలంలో 8 చాలు. అసలు పరీక్ష తెల్లవారితే. పిల్లల రంగు మొదటిసారి కనపడేది అప్పుడే, కొన్ని పెట్టలు తమ రంగు కాని పిల్లను పొడుస్తాయి. వెలుతురు రాకముందే అక్కడుండండి.

వారం దాటి బల్బు కింద పెరిగిన పిల్లలకు తల్లి పిలుపు అర్థం కాదు. పెట్ట పిలుస్తున్నా అవి మూలకు పారిపోతాయి. ఆ వయసులో ఈ ప్రయత్నం దండగ.

తల్లి వెంట తిరిగే పిల్లలకూ పెద్ద కోళ్లకూ మధ్య కూడా జాలీ అడ్డం పెట్టాలా?

పెద్దగా అవసరం లేదు. మొదటి వారం తల్లినీ పిల్లలనూ గంప కింద ఉంచి, తర్వాత రోజూ కాసేపు వదలండి. మిగతా కోళ్లకు పిల్లల హద్దు తల్లే నేర్పుతుంది. కానీ మందలో అన్నింటి చేతా దెబ్బలు తినే బెదురు పెట్ట తల్లయితే అది పిల్లలను కాపాడలేదు, దానికి వేరే చోటివ్వాలి. పిల్లలున్న రెండు పెట్టలను కూడా ఒకే దొడ్డిలో వదలకండి. ఒకదాని పిల్ల పొరపాటున రెండోదాని కిందికి దూరితే బతకదు.

నిన్నటిదాకా కాచిన తల్లే పిల్లలను తరిమేస్తోంది. జబ్బు చేసిందా?

కాదు. పిల్లలకు 6 వారాల నుంచి 3 నెలల మధ్య ఏదో ఒక రోజు తల్లి వాటిని వదిలేసి మళ్లీ గుడ్లకు వస్తుంది. అప్పటికి పిల్లలు దొడ్డికి అలవాటుపడి ఉంటాయి కాబట్టి గొడవ చిన్నదే. రెండు వారాలు వాటి మేత మాత్రం విడిగా చూడండి.

## జాలీ అవతల నుంచి చూసుకునే రోజులు

జాలీ అడ్డం ఎలా కట్టాలి?

పెద్దవాటి దొడ్డిలోనే ఒక మూల, అవి రోజూ తిరిగే చోట కట్టండి. ఎక్కడో వెనకాల కడితే చూసుకునేదేమీ ఉండదు. 4 వారాల లోపు పిల్లలకు అర అంగుళం కన్ను జాలీ వాడండి, అంగుళం కన్నులోంచి తల బయటపెట్టి పొడిపించుకుంటాయి. ఫెన్సింగుకు వేసే పెద్ద కళ్ల జాలీ పనికిరాదు. అడుగున 6 అంగుళాలు భూమిలోకి దింపితే కుక్క, ముంగిస తవ్వలేవు. కాకి, గద్ద, పిల్లి రాకుండా పైన కూడా కప్పాలి. రాత్రిళ్లు పందికొక్కులకు దారి లేకుండా నేల వైపు సందులు రాళ్లతో మూసేయండి. 8 వారాల దాకా ఒక్కో పిల్లకు ఒక చదరపు అడుగు చోటు. లోపల ఒక గోనెపట్టా వేలాడదీస్తే భయపడినప్పుడు దాని వెనక్కి వెళ్తాయి.

మేత గిన్నెలను జాలీకి ఇటూ అటూ ఎదురెదురుగా పెట్టండి. పక్కపక్కనే తినడం అలవాటైతే సగం పని అయినట్టే.

ఎన్ని రోజులు అలా ఉంచాలి?

10 నుంచి 14 రోజులు. అంకెల కంటే కోళ్ల తీరు ముఖ్యం. పెట్టలు జాలీ దగ్గర మెడ ఈకలు నిక్కబొడుచుకుని అటూ ఇటూ తిరుగుతున్నాయంటే ఇంకా టైం ఉంది. పెట్టలు పిల్లలున్న సంగతే పట్టించుకోకుండా నేల గీరుకుంటున్నాయంటే, పిల్లలు జాలీకి ఆనుకుని నిద్రపోతున్నాయంటే తలుపు తీయొచ్చు.

## తలుపు తీసే రోజు

ఎన్ని వారాలకు కలపొచ్చు?

తల్లి లేని పిల్లలైతే సాధారణంగా 8 నుంచి 12 వారాలు. అయితే చూడాల్సింది వయసు కాదు, ఒళ్లు. పెద్ద పెట్టలో మూడింట రెండు వంతులు ఉన్న పిల్ల దెబ్బ తట్టుకుంటుంది. వనరాజా పిల్ల 8 వారాలకే నాటుపెట్టకు దాదాపు సమానంగా కనిపిస్తుంది. అదే ఈడు నాటుపిల్ల అర కిలో కూడా ఉండదు, దానికి ఇంకో నెల కావాలి. ఒళ్లు ఉన్నా పరుగు లేని బ్రాయిలర్ పిల్లను నాటుకోళ్లలో కలపకపోవడమే మేలు, తప్పించుకోవడం దానికి చేతకాదు.

రాత్రి నిద్రలో గూట్లో పెట్టేస్తే తెల్లారేసరికి కలిసిపోతాయంటారు. నిజమేనా?

సగమే నిజం. చీకట్లో కోడికి కనపడదు కాబట్టి ఆ రాత్రి గొడవ ఉండదు. తెల్లవారి తలుపు తీసే లోపు ఇరుకు గూట్లో పారిపోయే దారి లేక జరిగేదే అసలు గొడవ. రెండు వారాలు జాలీ మధ్య చూసుకున్న కోళ్లకు ఇది పనిచేస్తుంది, అది కూడా పొద్దు పొడవకముందే మీరు తలుపు తీసేటట్టయితే. ముక్కూ ముఖం తెలియని పిల్లలకు ఇది ఉచ్చు.

మొదటి రోజు ఏ వరసలో చేయాలి?

పొద్దున్నే పెద్దవాటికి కడుపునిండా మేత వేసి బయటికి వదలండి. అవి వెళ్లాక పిల్లలను దొడ్డిలోకి వదిలి, చోటంతా తిరిగి చూసుకోనివ్వండి. ఏ మూల ఏముందో తెలిసిన పిల్లే తప్పించుకోగలదు. గంట తర్వాత పెద్దవి తిరిగి వచ్చేటప్పుడు గుప్పెడు నూకలో సజ్జలో దొడ్డంతా దూరదూరంగా చల్లండి. ఒకేచోట కుప్ప పోయొద్దు. గంట సేపు మీరు అక్కడే ఉండి, తర్వాత పిల్లలను జాలీ లోపలికి పంపేయండి. రోజూ ఇంకో గంట పెంచుకుంటూ పోతే 5, 6 రోజుల్లో పగలంతా కలిసి తిరుగుతాయి. రాత్రి గూటికి అన్నింటికంటే ఆఖర్న.

ఎండాకాలంలో ఈ పని పొద్దున గానీ సాయంత్రం గానీ పెట్టుకోండి. 40 డిగ్రీల ఎండలో తరిమించుకున్న పిల్ల దెబ్బ వల్ల కాక వడ వల్ల చస్తుంది.

పిల్లలు దాక్కోవడానికి ఏం పెట్టాలి?

పెద్దది దూరలేని, పిల్ల దూరగలిగే సందు. గంపను బోర్లించి ఇటుకలను పక్కకు నిలబెట్టి ఎత్తితే 4 అంగుళాల సందు వస్తుంది. నాటుపిల్లలు దూరతాయి, పెట్టలు దూరలేవు. జాలీకి 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు గుమ్మం కోసినా సరే. ఒకటి కాకుండా రెండు చోట్ల పెట్టండి, ఒకదాని ముందు గయ్యాళి పెట్ట కాపు కాస్తుంది. గోడకు వాలుగా ఒక చెక్క, ఎండు కొమ్మల కుప్ప కూడా చూపు తప్పించడానికి పనికొస్తాయి. రెండు వైపులా దారి లేని మూల మాత్రం ఉండకూడదు.

## పొడుచుకోవడం

ఎంత పొడిస్తే మామూలు, ఎప్పుడు అడ్డుపడాలి?

తల మీద ఒక పోటు, నాలుగడుగుల తరుము, పిల్ల కీచుమని పక్కకు తప్పుకోవడం, ఇదంతా మామూలే. అది వరస తేల్చుకోవడం. మనం మధ్యలో దూరితే ఆ వరస తేలదు, రేపు మళ్లీ మొదటికొస్తుంది. రక్తం కనపడినా, పిల్లను కింద పడేసి మీద నిలబడి పొడుస్తున్నా, రెండు మూడు పెట్టలు కలిసి ఒకదాన్నే వెంటాడుతున్నా వెంటనే విడదీయండి. పిల్ల రోజంతా బయటికి రాకుండా మూలన ముడుచుకుందంటే రక్తం లేకపోయినా అడ్డుపడాల్సిందే. సాయంత్రం మెడ కింద సంచి తడిమి చూడండి. ఖాళీగా ఉంటే దాన్ని తిననివ్వడం లేదని అర్థం.

రక్తం వచ్చింది. ఏం చేయాలి?

ఎర్రటి మచ్చ కనపడితే మిగతా కోళ్లు కూడా అక్కడే పొడుస్తాయి, అందుకే ఆలస్యం పనికిరాదు. గాయాన్ని పొవిడోన్ అయోడిన్‌తో కడిగి, పసుపు కలిపిన వేపనూనె రాయండి. ఈగలు వాలకుండా చూడండి, వానాకాలంలో పుండుకు పురుగు పడుతుంది. గాయపడ్డ పిల్లను దూరంగా కాకుండా అదే జాలీ వెనక ఇంకో పిల్ల తోడుతో ఉంచండి. పూర్తిగా కనుమరుగైతే తిరిగి వచ్చినప్పుడు అది కొత్త కోడే. చెక్కు కట్టి ఎండాక మళ్లీ వదలండి.

ఒకే పెట్ట అన్నింటినీ చంపుతోంది. దాన్ని కోసేయమంటారా?

కోయకముందు ఒక పని చేయండి. పిల్లలను కాదు, ఆ పెట్టను 3, 4 రోజులు కనపడని చోట మూసిపెట్టండి. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం వేరే పెట్టకు పోయి ఉంటుంది, పిల్లల మీద పడే తీరిక ఉండదు. రెండుసార్లు చేసినా మారకపోతే అప్పుడు మీ ఇష్టం.

పుంజు పిల్లలను ఏమైనా చేస్తుందా?

మామూలు నాటుపుంజు చిన్న పిల్లలను పట్టించుకోదు. పెట్టల గొడవలో అడ్డంగా వచ్చి నిలబడేదీ అదే. పందెం జాతి కోళ్ల విషయం వేరు. అసిల్‌లో పెట్టలకూ పోట్లాట గుణం ఉంటుంది, పిల్లలు కూడా చిన్నతనం నుంచే ఒకదానితో ఒకటి తలపడతాయి. వాటిని ఈ పద్ధతిలో కలపాలని చూడకండి, విడి గూళ్లే.

## మేత, నీళ్లు

గుడ్ల కోళ్ల మేతే పిల్లలకూ వేయొచ్చా?

వేయకూడదు. లేయర్ మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. పెరిగే పిల్లకు 1 శాతం చాలు. అదనపు కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పైకి ఏమీ తెలియకుండా నెలల తర్వాత కోడి ఎండిపోయి చస్తుంది. కలిసి తినే రోజుల్లో అన్నింటికీ గ్రోయర్ (పెరిగే కోళ్ల) మేత వేసి, పెట్టల కోసం గుల్ల పొడి వేరే గిన్నెలో పెట్టండి. కావాల్సిన పెట్టే తింటుంది, పిల్లలు పెద్దగా ముట్టవు. 16 వారాలు దాటాక ఇబ్బంది లేదు.

పెద్దవి పిల్లల మేత అంతా తినేస్తున్నాయి. ఎలా?

పిల్లల మేత ఎత్తి పెట్టిన గంప కింద, అంచు నుంచి అడుగు లోపలికి ఉంచండి. అంచున పెడితే పెట్ట మెడ చాచి లాగేస్తుంది. దొడ్డిలో మిగతా మేత గిన్నెలు రెండు మూడు చోట్ల, ఒకదాని దగ్గర నిలబడితే ఇంకొకటి కనపడనట్టు ఉండాలి.

నీళ్ల తొట్టిలో పిల్ల పడి చచ్చిపోయింది. ఏ పాత్ర పెట్టాలి?

లోతు అంగుళం మించని పళ్లెం. పెద్ద తొట్టి తీయలేకపోతే అందులో గులకరాళ్లు నింపండి.

## జబ్బులు

కలిపిన వారానికే పిల్లలు రక్తం రెట్ట వేస్తున్నాయి. పెద్దవి బాగానే ఉన్నాయి. ఎందుకు?

రక్త పారుడు, అంటే కాక్సిడియోసిస్ అయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద కోళ్లు దాన్ని ఎప్పుడో తట్టుకుని, రెట్టలో ఆ క్రిమి గుడ్లు వదులుతుంటాయి. తడి ఊకలో, వెచ్చదనంలో అవి ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. 3 నుంచి 8 వారాల పిల్లలు వాటిని తిని పడిపోతాయి. రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించి, కళ్లు మూసుకుని నిలబడితే అనుమానించండి. ఒక రెట్ట నమూనాను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే చూసి చెబుతారు.

20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున 5 నుంచి 7 రోజులు ఇవ్వడం మామూలు పద్ధతి. ఆ రోజుల్లో వేరే నీళ్లు ఉండకూడదు. బి విటమిన్ టానిక్ కూడా ఆపండి. ఈ మందు పనిచేసేదే బి1 విటమిన్‌ను ఆ క్రిమికి అందకుండా చేసి, టానిక్ ఇస్తే రెండూ వృథా. తడిసిన ఊక ఆ రోజే తీసేయండి. వానాకాలంలో నీళ్ల పాత్రను ఇటుక మీద పెట్టి చుట్టూ తడి కాకుండా చూసుకోవడం మందు కంటే చవక.

## కలిసిపోయాక

పగలు బాగానే తిరుగుతున్నాయి, రాత్రి గూట్లోకి మాత్రం రావట్లేదు. ఎందుకు?

ముందెక్కిన పెట్టలు కర్ర మీద చోటివ్వడం లేదు. ఒకటిన్నర అడుగుల ఎత్తులో పిల్లలకు ఇంకో కర్ర కట్టండి, పెద్దవాటి కర్ర దానికి సరిగ్గా పైన ఉండకూడదు. వారం పాటు చీకటి పడ్డాక మీరే పిల్లలను పట్టి లోపల పెడితే అలవాటవుతుంది. జామచెట్టు ఎక్కి పడుకోవడం మరిగితే తర్వాత దించడం కష్టం.

మగపిల్లలు ఎక్కువయ్యాయి. ఎప్పటిదాకా ఉంచొచ్చు?

విడదీయకుండా అమ్మే పిల్లల్లో దాదాపు సగం మగవే వస్తాయి. 4, 5 నెలలకు కూత మొదలుపెట్టి పాత పుంజును ఎదిరిస్తాయి, పెట్టలను నిలవనీయవు. 8 నుంచి 10 పెట్టలకు ఒక పుంజు లెక్క. మిగతావాటిని ఆ వయసుకు ముందే అమ్మేయండి, లేదా విడిగా పెట్టండి.

పిల్లలు కలిశాక పాత పెట్టలు గుడ్లు మానేశాయి. మళ్లీ పెడతాయా?

అలజడికి వారం పది రోజులు తగ్గడం సహజం, తర్వాత వాటంతట అవే వస్తాయి. ఇంకా రాకపోతే గుడ్ల బుట్ట చూడండి. పిల్లలు అందులో పడుకుని రెట్టతో నింపి ఉంటే పెట్ట అసహ్యించుకుని గడ్డివాములోనో కట్టెల చాటునో పెడుతూ ఉంటుంది. సాయంత్రం బుట్ట మీద గోనె కప్పి, తెల్లవారుజామున తీయండి.